క్లినిక్‌కి కొన్న వెన్నెముక మోడల్: మూడు స్టార్లు, అందులో ఒకటి నా నల్ల టేపుది

తాడేపల్లిగూడెంలో నాకు చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. ఉల్లి మార్కెట్లో బస్తాలు మోసే హమాలీలు, ఆటో డ్రైవర్లు, కాన్పయ్యాక నడుం పట్టేసిన ఆడవాళ్ళు ఎక్కువగా వస్తుంటారు. వాళ్ళకి చూపించి చెప్పడానికి ఆన్‌లైన్లో అసలు సైజు ప్లాస్టిక్ వెన్నెముక తెప్పించాను. పైన పుర్రె అడుగు ముక్క, కింద తుంటి ఎముకలు, మధ్యలో వంగే ఇనుప కడ్డీ, వేలాడదీయడానికి స్టాండు. ఐదు వేలకి కాస్త తక్కువ పడింది. కంపెనీ పేరు పెట్టె మీద కూడా సరిగా లేదు, ఒకే అచ్చులో పోసినట్టున్న ఇలాంటివి చాలా పేర్లతో దొరుకుతున్నాయి.

విప్పగానే ముందు పూసలు లెక్కపెట్టాను. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5. కింద త్రికాస్థిలో ఐదు పూసలు అతుక్కుని ఒకే ఎముకగా ఉన్నాయి, దాని కొసన నాలుగు చిన్న పూసలు కలిసిన తోక ఎముక. మొత్తం 33 సరిపోయాయి. "ఐదు వేలు పోసి కొని ఎముకలు లెక్కెడతావేంటి" అని మా ఆయన నవ్వారు గానీ, లెక్కపెట్టకుండా ఎలా? ఎముకల వరకు పని బాగుంది. మెడ పూసలకి రెండు పక్కలా రక్తనాళం వెళ్ళే రంధ్రాలున్నాయి, అందులోంచి ఎర్ర తీగ కూడా పోనిచ్చారు. ఛాతీ పూసల మీద పక్కటెముకలు ఆనే నున్నటి చోట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. తల అడ్డంగా ఊపేటప్పుడు మొదటి పూస రెండో పూస మీది పుల్ల చుట్టూ తిరగాలి కదా, ఇందులో అది కొంచెం బిగుసుకుంది. నూనె చుక్క వేస్తే కదిలింది.

తేడా అంతా నరాల దగ్గర వచ్చింది. మెడలో పూసలు ఏడే అయినా నరాలు ఎనిమిది జతలు. ఎనిమిదోది మెడ చివరి పూసకీ ఛాతీ మొదటి పూసకీ మధ్యలోంచి వస్తుంది. ఈ మోడల్ చేసినవాళ్ళు ఏడుతో ఆపేసి, ఆ సందు ఖాళీగా వదిలేశారు. చిటికెన వేలు తిమ్మిరి అంటూ వచ్చేవాళ్ళకి ఆ నరాన్నే చూపించాలి, అదే లేదు. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివే పిల్లలు దీన్ని చూసి పరీక్ష రాస్తే మార్కులు పోతాయి.

అంతకంటే పెద్ద తప్పు వెన్నుపాము. మన దగ్గర చాలామంది వెన్నుపూస, వెన్నుపాము ఒకటే అనుకుంటారు. పూస అంటే ఎముక, పాము అంటే ఆ ఎముకల గొట్టంలోంచి దిగే నరాల తాడు. "నా వెన్నుపాము అరిగిపోయిందంట డాక్టరు గారూ" అని ఒక పెద్దాయన వణుకుతూ వచ్చారు. రిపోర్టులో ఉన్నది పూసల అంచులు అరిగాయని మాత్రమే, ఆ వయసులో చాలామందికి ఉండేదే. పెద్దవాళ్ళలో ఈ తాడు నడుము మొదటి, రెండో పూసల దగ్గరే అయిపోతుంది. అక్కడి నుంచి కిందికి విడివిడి నరాల పోగులే. ఈ మోడల్లో మాత్రం కడ్డీకి పసుపు గొట్టం తొడిగి త్రికాస్థి దాకా లాగేశారు.

దీనికంత పట్టింపేంటి అంటారేమో. సిజేరియన్ అయినవాళ్ళు నడుం నొప్పితో వస్తే మొదట అనే మాట "వెన్నులో సూదేశారు కదండీ, అప్పట్నుంచే". పక్కనున్న అత్తగారు కూడా తల ఊపుతారు. మత్తు సూది సాధారణంగా నడుము మూడు, నాలుగు పూసల మధ్య గానీ, నాలుగు, ఐదు మధ్య గానీ వేస్తారు. అంటే వెన్నుపాము అయిపోయిన చోటికి దిగువన. సూది పడ్డచోట కొన్నాళ్ళు సలుపు ఉండొచ్చు, కొందరికి తలనొప్పీ వస్తుంది. ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి కారణం అది కాదు. కాన్పుకి సాగిన పొట్ట కండరాలు, బిడ్డని ఎత్తుకుని వంగడం, కూర్చుని పాలివ్వడం లాంటివి చూడాలి. ఇదంతా చెప్పి మోడల్ తిప్పి చూపిస్తే, సూది వేసే చోట కూడా లావుగా పసుపు తాడు! ఒకమ్మాయి వెంటనే "మరి ఇక్కడుంది కదా మేడం" అంది. అందుకే రెండో నడుము పూస కింద నుంచి ఆ గొట్టానికి నల్ల టేపు చుట్టేశాను. ఇప్పుడు గొడవ లేదు.

ఆ సూది చోటు చూపడానికి తుంటి ఎముకలు మాత్రం భలే పనికొస్తున్నాయి. రెండు వైపులా ఎముకల పై అంచుల్ని కలుపుతూ స్కేలు పెడితే నాలుగో పూస దగ్గరికి వచ్చింది. ఉండాల్సిందీ అక్కడే.

డిస్కుల (పూసకీ పూసకీ మధ్య ఉండే మెత్తల) సంగతి కలగాపులగం. మెత్తటి రబ్బరువి, నొక్కితే అణుగుతాయి, అది బాగుంది. ఊళ్ళో అందరూ "గ్యాప్ వచ్చింది" అంటారు కదా, నిజానికి జరిగేది తలకిందులు. డిస్కు ఎండి పలచబడి, ఉన్న గ్యాప్ తగ్గుతుంది. వేలితో నొక్కి చూపిస్తే మారు మాట్లాడకుండా ఒప్పుకుంటున్నారు. కానీ జారిన డిస్కుకి గుర్తుగా పెట్టిన ఎర్ర బుడిపెని మూడు, నాలుగు పూసల మధ్య అతికించారు. నా దగ్గరికొచ్చే ఎమ్మారై రిపోర్టుల్లో ఎక్కువ భాగం ఎల్ ఫోర్ ఎల్ ఫైవ్ (నడుము నాలుగు, ఐదు పూసల మధ్య), లేదంటే ఎల్ ఫైవ్ ఎస్ వన్ (నడుము ఐదో పూసకీ త్రికాస్థికీ మధ్య). "నాది ఇంకా కిందండీ" అని హమాలీ తనే వేలు పెట్టి సరిదిద్దాడు. పైగా ఆ బుడిపె గుండుసూది తలలా ఉండటంతో "దాన్ని లోపలికి తోసెయ్యండి" అంటారు. డిస్కు ఎముకలకి అతుక్కునే ఉంటుందని, బయటి పొర చిరిగి లోపలి గుజ్జు ఉబికిందని, చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో నొప్పి దానంతట అదే తగ్గుతుందని నోటితోనే చెప్పుకోవాలి. కాలు పడిపోతున్నా, మూత్రం మీద పట్టు తప్పినా ఆగకుండా ఆసుపత్రికి పొమ్మనీ చెబుతాను, దానికి ఏ మోడలూ అక్కర్లేదు.

స్టాండు పళ్ళెం వంకర. ఫొటోలు పంపితే అమ్మినవాళ్ళు "ప్యాకింగ్ బాగానే ఉంది" అని జవాబిచ్చారు. అడుగున అట్టముక్క పెట్టుకున్నాను. ప్లాస్టిక్ వాసన పోవడానికి వరండాలో వేలాడదీస్తే పక్కింటివాళ్ళు కాసేపు కంగారుపడ్డారు, అది వేరే కథ.

చదువుకునే పిల్లలు కొనక్కర్లేదు, కాలేజీ అనాటమీ గదిలో అసలు ఎముకలు పట్టుకుని చూడండి. క్లినిక్‌కైతే కొనండి, కాకపోతే ఆర్డరు పెట్టేముందు వెనక వైపు ఫొటో అడిగి వెన్నుపాము ఎక్కడ ఆగిందో, ఎర్ర బుడిపె ఏ పూసల మధ్య ఉందో చూసుకోండి. డిస్కు నొప్పివాళ్ళే ఎక్కువ అయితే, నడుము పూసలు మాత్రమే ఉండే చిన్న మోడల్ చాలు. బల్ల మీద పడుతుంది, పేషెంటు చేతికీ ఇవ్వొచ్చు.