పాపకూ నాకూ ఏడు నెలల మర్దన: మా అనుభవం

మా పాప పుట్టినప్పుడు బరువు 2.3 కిలోలు. నాకు సిజేరియన్. విజయవాడలో పుట్టింట్లో ఉన్నాను. నూనె రాసి నీళ్లు పోయడానికి మనిషిని మాట్లాడుకోవాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఏడు నెలలు చేయించుకున్నాక నా మాట ఇది: తప్పకుండా పెట్టుకోండి, కానీ చెయ్యి మెత్తగా ఉందో లేదో చూసి పెట్టుకోండి.

మొదట వచ్చినావిడ మా ఇంట్లో మూడు రోజులే చేసింది. ముక్కు నిక్కుతుందని నొక్కడం, ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, చంటిదాని రొమ్ములు పిండడం. పాప ఊపిరి బిగబట్టి ఏడుస్తుంటే పక్కగదిలో నేనూ ఏడ్చేదాన్ని. పిల్లల డాక్టరుకు చెబితే ఆమె గట్టిగా వద్దన్నారు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుందట. పుట్టిన పిల్లల రొమ్ములు తల్లి హార్మోన్ల వల్ల ఉబ్బుతాయి, వాటంతటవే తగ్గిపోతాయి, పిండితే చీము పడుతుంది. ఆ రోజే మానిపించేశాం.

తర్వాత వచ్చిన మామ్మ చెయ్యి వేరు. మా ఇంటి పెరట్లో చిన్న పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పాపను పిక్కల మీద పడుకోబెట్టుకునేది. కొబ్బరినూనె అరచేతుల్లో వేసుకుని, అవి వెచ్చబడేదాకా రుద్దుకుని, ముందు పొట్ట మీద చెయ్యి ఊరికే ఆనించేది. పాప చూపు ఆవిడ మొహం మీద నిలిచాకే చెయ్యి కదిలేది. తొడల నుంచి పాదాలకు, భుజాల నుంచి వేళ్లకు, పొట్ట మీద గుండ్రంగా. నీళ్లు పోసేముందు మోచెయ్యి ముంచి చూసేది. తల మీద పోసేటప్పుడు ఎడమ చెయ్యి నుదుటికి అడ్డంగా చూరులా పెట్టేది, కళ్లలోకి చుక్క పడనిచ్చేది కాదు. పాప ఏడిస్తే ఆపేసేది. "ఇవాళ దానికి మనసు లేదు తల్లీ" అని తడిగుడ్డతో తుడిచి ఇచ్చేసేది. ఆ ఒక్క మాటకే ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

బొడ్డు ఊడేదాకా స్నానం పోయలేదు. సాంబ్రాణి పొగ పాపకు వద్దన్నాం. మామ్మ రెండు రోజులు చిన్నబుచ్చుకుంది గానీ తర్వాత ఒప్పుకుంది.

బరువు తక్కువని ఆసుపత్రిలో నర్సు నేర్పిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. పాపను డైపర్, టోపీ తప్ప ఏమీ లేకుండా మన ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి దుప్పటి కప్పుకోవాలి. కంగారూ కేర్ అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతట. నాకు కుట్లు నొప్పి పెట్టిన రాత్రులు మా ఆయనే చొక్కా విప్పి పడుకునేవారు. మొదటి వారం పాపను ఎత్తుకోవడానికే భయపడిన మనిషి, పదో రోజుకల్లా దానితో పాటు కునుకు తీస్తున్నారు. సాయంత్రం గ్యాస్ ఏడుపులకు కాళ్లు సైకిల్ తొక్కించినట్టు ఆడించడం కూడా మామ్మ దగ్గర ఆయనే నేర్చుకున్నారు.

ఇక నా సంగతి. అందరూ పాపనే చూస్తారు, బాలింత ఒంటిని ఎవరూ అడగరు. ఆరు వారాలు పొట్ట ముట్టుకోనివ్వలేదు. పక్కకు తిరిగి పడుకుంటే మామ్మ నడుము, మెడ, పాదాలు పట్టేది. పాలిచ్చి ఇచ్చి బిగుసుకుపోయిన భుజాలు వదులవుతుంటే అక్కడే నిద్రపోయేదాన్ని. ఒక్క జాగ్రత్త: ఒక కాలే వాచి నొప్పిగా ఉంటే దానికి మర్దన చేయించుకోకండి, వెంటనే డాక్టరుకు చూపించండి, రక్తం గడ్డ కావచ్చు.

పొట్ట తగ్గాలని పాత చీరతో నడికట్టు బిగించి కట్టేవాళ్లు. దగ్గితే మూత్రం పడుతోందని సిగ్గుతో మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే, పొట్ట కండరాల మధ్య రెండున్నర వేళ్ల ఎడం ఉందని తేల్చారు. అంత బిగించి కడితే కింది కండరాల మీద ఒత్తిడి పడుతుందన్నారు. ఊపిరితో చేసే వ్యాయామం, కుట్టు మచ్చ పక్కన చర్మాన్ని వేలితో నెమ్మదిగా కదపడం నేర్పారు. రెండున్నర నెలల్లో దగ్గు భయం పోయింది. మామ్మ చెయ్యి ఎంత మంచిదైనా ఈ పని దానితో అయ్యేది కాదు. ముందే వెళ్లాల్సింది.

రోజుకు 400 రూపాయలు ఇచ్చాం, ఇద్దరికీ కలిపి. ఎనిమిదో నెల వచ్చేసరికి పాప మామ్మ కాళ్ల మీద నిలవకుండా పాకుతూ వెళ్లిపోయేది. ఇప్పుడు దానికి ఏడాదిన్నర. నిద్రొస్తే నూనె సీసా తెచ్చి వాళ్ల నాన్న ఒళ్లో పెట్టి అరికాళ్లు చాపుతుంది.