మానసిక వ్యాధుల చరిత్ర మీద ఆడియో కోర్సు: విన్నాక నా మాట

మా పిన్ని చాలా ఏళ్లుగా లిథియం (మనసు అతిగా ఉప్పొంగడం, కుంగిపోవడం అదుపులో పెట్టే మందు) వాడుతోంది కాబట్టి ఈ కోర్సు నాకు ఊరికే కాలక్షేపం కాదు. మొదటి రెండు పాఠాలు కాస్త సాగదీశారు, నల్లపిత్తం ఎక్కువైతే దిగులు వస్తుందన్న గ్రీకు వైద్యుల నమ్మకాన్ని అంతసేపు చెప్పక్కర్లేదు.

మూడోది మాత్రం అద్భుతం. పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో రోగుల గొలుసులు విప్పించింది పినెల్ అనే డాక్టరేనని అందరూ చెబుతారు కదా, నిజానికి 1797లో అక్కడ ఆ పని చేసింది ప్యుస్సాఁ అనే పర్యవేక్షకుడు, ఆయన డాక్టర్ కూడా కాదు, ఒకప్పుడు గండమాలతో (మెడ గ్రంథులు వాచే జబ్బు) అదే ఆసుపత్రిలో రోగిగా ఉన్నవాడు! ఆ భాగం రెండుసార్లు విన్నాను.

లోబోటమీ, అంటే మానసిక జబ్బు తగ్గించడానికని మెదడులో నరాలు కోసే ఆపరేషన్, ఆ పాఠం వింటుంటే కడుపులో దేవేసింది. కనురెప్ప కింద నుంచి సన్నని ఇనుప పరికరం పెట్టి, సుత్తితో కొట్టి మెదడులోకి దింపేవారట. ఇలాంటి మెదడు కోత మొదలుపెట్టిన పోర్చుగల్ డాక్టర్ మోనిజ్‌కి 1949లో నోబెల్ ఇచ్చారు. అదే ఏడాది ఆస్ట్రేలియా మానసిక వైద్యుడు జాన్ కేడ్, రోగులకు లిథియం ఇచ్చి చూసిన ఫలితాలు ప్రచురించాడు.

ఏది జబ్బు, ఏది కాదు అనే వర్గీకరణ గురించి బాగా చెప్పారు. స్వలింగ సంపర్కాన్ని అమెరికా మానసిక వైద్యులు 1973లో జబ్బుల జాబితాలోంచి తీసేశారు, అంటే అప్పటిదాకా ఏ జబ్బూ లేని మనుషులకు చికిత్స చేశారన్నమాట. ఎంత అన్యాయం!

ఒకటే అసంతృప్తి, మందుల గురించి హడావుడిగా ముగించారు. లిథియం వాడేవాళ్లకు రక్తపరీక్షలు ఎందుకు తప్పనిసరో ఒక్క ముక్క చెప్పలేదు. పిన్నికి వినిపిద్దామనుకున్నది ఆ పాఠమే. అయినా ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, ఇంట్లో ఎవరైనా ఈ మందులు వాడుతుంటే మూడో పాఠం నుంచి మొదలుపెట్టండి.