లీలామహల్ దగ్గర పాత పుస్తకాలు తీసుకునేవాళ్లు జాగ్రత్త, చివరి పేజీ ఉందో లేదో చూసుకోండి

వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి, లీలామహల్ సర్కిల్ దగ్గరికి వచ్చి పుస్తకాలు ఇచ్చే ఆయన తిరుపతిలో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. నిన్న రాత్రి నుంచి ఒళ్లు మండిపోతోంది.

పుస్తకం జాక్వెలిన్ విల్సన్ రాసిన ‘హెట్టీ ఫెదర్’. స్కూల్లో టీచరు నాలుగు పేజీలు చదివి వినిపించారట, పదేళ్ల మా పాప కొనమని పట్టుబట్టింది. సంక్రాంతికి వాళ్ల తాత ఇచ్చిన డబ్బుల్లోంచి 350 రూపాయలు తనే తీసిచ్చింది. ‘ఒరిజినలేనా?’ అని రెండుసార్లు అడిగాను. ‘ఒరిజినలే అక్కా, నాదీ గ్యారంటీ’ అన్నాడు. స్కూటీ దిగకుండానే ఫోన్‌పే చేసి, కవరు బ్యాగులో వేసుకుని వచ్చేశాను. అక్కడే తెరిచి చూసుండాల్సింది. ఆ తప్పు నాదే.

ఆరు రోజులు పాప ఆ పుస్తకంలోనే ఉంది. అన్నం తింటున్నా అదే మాట. లండన్‌లో ఫౌండ్లింగ్ హాస్పిటల్ నిజంగానే ఉండేది. పేరుకే ఆసుపత్రి, పెంచుకోలేని తల్లులు పసిబిడ్డలను అప్పగించే చోటు అది. థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ పట్టుబట్టి 1739లో పెట్టించాడు. బిడ్డకి కొత్త పేరు పెట్టి, కొన్నేళ్లు పల్లెలో పెంపుడు తల్లి దగ్గర ఉంచి, మళ్లీ వెనక్కి తెచ్చేసేవాళ్లు. హెట్టీ అలాంటి పిల్లే. ఎర్ర జుట్టు, ఎవరికీ లొంగని నోరు. పెగ్ అమ్మ దగ్గర నుంచి, జెమ్ అన్న దగ్గర నుంచి హెట్టీని తీసుకెళ్లిపోయే చోట మా పాప పుస్తకం మూసేసి నా పక్కలోకి వచ్చి పడుకుంది. మొదటి రోజుల్లో తల్లులు తర్వాత గుర్తుపట్టడానికి బిడ్డతో పాటు ఓ గుడ్డ ముక్కో నాణెమో వదిలి వెళ్లేవాళ్లని నేను చెబితే, తన పాత గౌను అంచు కత్తిరించి పుస్తకంలో గుర్తుగా పెట్టుకుంది.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి ‘అమ్మా, తర్వాత పేజీ ఏదీ?’ అంది. వాక్యం సగంలో ఆగిపోయింది. తిప్పితే అట్ట. మధ్యలో 16 పేజీలు రెండుసార్లు వచ్చాయని పాప ముందే చెప్పింది, నేనే పట్టించుకోలేదు. ప్రెస్‌లో పనిచేసిన మా మామయ్య పొద్దున చూసి, ‘ఒక ఫారం, అంటే 16 పేజీల కట్ట, డబుల్ పెట్టి చివరి ఫారం వదిలేశారు, ఇది దొంగ ప్రింటు’ అన్నారు.

రాత్రే ఆ పుస్తకాలాయనకి ఫోన్ చేశాను. పాప కూడా వింటుందని స్పీకర్ పెట్టాను. ఎందుకు పెట్టానా అని ఇప్పటికీ బాధపడుతున్నాను. ‘చివరి పేజీలు లేవు తమ్ముడూ’ అన్నాను. ‘అంతా చదివేసి ఇప్పుడు వాపసంటే ఎట్లక్కా?’ అన్నాడు. చదవడానికి లేకే కదా ఫోన్ చేశాను అంటే, ‘చిన్నపిల్లల కథే కదక్కా, దీనికింత రాద్ధాంతమా? చివర్లో ఏమవుతాదో నేను చెప్తా, పాపకి చెప్పేయండి’ అని, హెట్టీ కన్నతల్లి ఎవరో ఒక్క ముక్కలో చెప్పేశాడు. నవ్వుతూ.

ఆ ముక్క ఇక్కడ రాయను. ఇంకా చదవని పిల్లలు మీ ఇళ్లల్లో ఉంటారు. మా పాప ఏడవలేదు. గౌను గుడ్డ ముక్క చేతిలో పట్టుకుని ‘నేనే కనిపెట్టేదాన్నమ్మా, ఇంకొంచెం ఉంటే కనిపెట్టేదాన్ని’ అంది. 350 రూపాయలు పోతే పోయాయి. హెట్టీతో పాటు ఆరు రోజులుగా వెతుకుతున్న పిల్ల నోటి దగ్గరిది లాగేసుకున్నాడు. పొద్దున మళ్లీ చేస్తే నా నంబరు బ్లాక్ చేసేశాడు.

ఎవరి దగ్గర తీసుకున్నా అక్కడే నిలబడి పేజీ నంబర్లు చివరిదాకా వరుసగా ఉన్నాయో లేదో చూడండి. కాగితం పలచగా ఉండి వెనక అక్షరాలు కనబడుతుంటే వద్దనండి. చాట్, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ దాచుకోండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. దొంగ ప్రింటు అమ్మడం 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఆయన దగ్గర ఇదే పుస్తకం కొన్నవాళ్లు ఉంటే, మీ పిల్లలు చివరిదాకా రాకముందే ఇవాళే తీసి చూడండి.