మిక్సరు సెండ్‌కు ఒకే పెడల్: తక్కువ ఖర్చులో లైవ్ ఎలక్ట్రానిక్ సంగీతానికి ఎఫెక్టుల అమరిక

బెంగళూరులో ఎలక్ట్రానిక్ సంగీతం వాయించడం మొదలుపెట్టిన తెలుగు కుర్రవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: పరిమితమైన డబ్బుతో ఏ ఎఫెక్టు పెడల్ (శబ్దానికి ప్రతిధ్వని వంటి మార్పులు చేసే చిన్న డబ్బా) కొనాలి? నేను ముందుగా చెప్పేది పెడల్ గురించి కాదు, మిక్సరు గురించి. ఎఫెక్టు సెండ్ (శబ్దం నకలును బయటి పెడల్‌కు పంపే దారి) ఉన్న చిన్న మిక్సరు, దానికి తగిలించే ఒక స్టీరియో మల్టీ ఎఫెక్టు పెడల్, చేతికి అందుబాటులో ఒక టచ్ ప్యాడ్: ఈ మూడింటితో పూర్తి నిడివి కచేరీ చేయవచ్చని అనుభవం మీద నమ్ముతున్నాను. నా బల్ల మీద ఈ పనులు చేస్తున్నవి యమహా ఎంజీ10ఎక్స్‌యూ, జూమ్ ఎంఎస్-70సీడీఆర్, కోర్గ్ మినీ కావోస్ ప్యాడ్ 2. ఈ సమీక్ష వాటి గురించే.

గిటారు వాయించేవారు పెడళ్లను వరుసగా, ఒకదాని తర్వాత ఒకటి కలుపుతారు. వారి చేతిలో ఉన్నది ఒకే వాయిద్యం కనుక ఆ పద్ధతి వారికి సరిపోతుంది. మన బల్ల మీద అలా కాదు. ఒక డ్రమ్ మెషీన్, ఒక చిన్న సింథసైజర్, తంబుర శ్రుతి, గొంతుకు ఒక మైకు, కొన్నిసార్లు డప్పు శాంపిళ్లు (ముందే రికార్డు చేసిన దెబ్బలు), అన్నీ కలిసి ఒకే జత స్పీకర్లలోకి వెళతాయి. వాటన్నిటినీ ఒకే రెవర్బ్ (గది ప్రతిధ్వనిని పోలిన ఎఫెక్టు) గుండా పంపితే తాళానికి ఆధారమైన లోతైన కిక్ డ్రమ్ కూడా ఆ ప్రతిధ్వనిలో కరిగిపోయి, పాటకు కాలు నిలవదు. సెండ్ పద్ధతిలో అసలు శబ్దం నేరుగా స్పీకర్లకు వెళుతుంది. దాని నకలును మాత్రం, ఏ చానెల్ నుంచి ఎంత కావాలో అంతే, ఒక నాబ్ ద్వారా ఎఫెక్టుకు పంపుతాము. గొంతుకు ఎక్కువ, తంబురకు కొంచెం, కిక్‌కు సున్నా. స్నేర్ దెబ్బ ఒక్కదానికి నాబ్‌ను చటుక్కున పైకి తిప్పి వెంటనే దించితే ఆ ఒక్క దెబ్బే డిలే (శబ్దాన్ని కొంత ఆలస్యంగా మళ్లీ మళ్లీ వినిపించే ఎఫెక్టు)లోకి వెళ్లి, తక్కిన తాళం మీద తేలుతూ పోతుంది. 1970లలో జమైకాలోని కింగ్‌స్టన్‌లో డబ్ సంగీతానికి దారి వేసిన కింగ్ టబ్బీ మిక్సింగ్ బల్లనే వాయిద్యంగా మలచినప్పుడు వాడిన మార్గాల్లో ఇది ముఖ్యమైనది, ఈనాటికీ దీనికి కావలసింది ఒక నాబ్, ఒక వేలు మాత్రమే.

అందుకే మిక్సరు ఎంపికలో జాగ్రత్త అవసరం. చిన్న మిక్సర్లన్నీ ఒకేలా కనిపిస్తాయి గాని, వెనుకా ముందూ చూడకుండా కొంటే చిక్కు. యమహా ఎంజీ06ఎక్స్‌లో లోపలే ఎఫెక్టులు ఉన్నా బయటి పెడల్‌కు పంపే సెండ్ జాక్ లేదు. బెహ్రింగర్ జెనిక్స్ 502లోనూ లేదు. దాని పైమెట్టు 802లో ఉంది, అందువల్ల డబ్బు చాలా తక్కువగా ఉన్నవారు 802తో మొదలుపెట్టడం మంచిది. నేను ఎంజీ10ఎక్స్‌యూను ఎంచుకోవడానికి కారణం దాని స్టీరియో చానెళ్లు. పెడల్ నుంచి తిరిగి వచ్చే శబ్దాన్ని వాటిలో ఒకదానికి తెచ్చుకుంటే ఆ ప్రతిధ్వనికి కూడా సొంత ఈక్యూ (అడుగు, పై శబ్దాలను పెంచే, తగ్గించే నాబ్‌లు), సొంత సెండ్ నాబ్ దొరుకుతాయి. ఆ సెండ్‌ను జాగ్రత్తగా పెంచితే డిలే తనను తానే తింటూ పెరుగుతుంది. పాట శిఖరానికి చేరే చోట అది గొప్పగా ఉంటుంది, కాని వేలు నాబ్ మీదనుంచి తీయకూడదు, ఎందుకంటే రెండు మూడు క్షణాల్లోనే అది స్పీకర్లను ముంచెత్తే కేకగా మారుతుంది. ఈ మిక్సరులోనే యమహా సొంత ఎస్‌పీఎక్స్ ఎఫెక్టులు 24 ఉన్నాయి, గొంతుకు అవి పనికొస్తాయి. అయితే లోపలి ఎఫెక్టూ బయటి పెడలూ ఒకే సెండ్ నాబ్‌ను పంచుకుంటాయి కనుక, పెడల్ వాడేటప్పుడు లోపలి దాని రిటర్న్‌ను (తిరిగి వచ్చే శబ్దపు నాబ్‌ను) పూర్తిగా దించాలి.

ఇక పెడల్. ఎంఎస్-70సీడీఆర్ 2013లో వచ్చింది. కోరస్ (ఒక శబ్దాన్ని పలు గొంతులు కలిసినట్టు వినిపించేది), డిలే, రెవర్బ్ రకాల్లో 86 ఎఫెక్టులు, ఒకేసారి ఆరింటిని వరుసగా పేర్చుకునే వీలు, రెండు ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు, నడవడానికి రెండు ఏఏ బ్యాటరీలు చాలు. ఇంత చిన్న డబ్బాలో స్టీరియో రావడమే నన్ను మొదట ఆకర్షించింది. 2023లో ఎంఎస్-70సీడీఆర్ ప్లస్ పేరుతో 149 ఎఫెక్టులతో కొత్తది వచ్చింది. ఎఫెక్టుల సంఖ్య కోసం కొత్తదానికి పరుగెత్తనక్కరలేదని నా అభిప్రాయం. వేదిక మీద నేను వాడేది ఒక డిలే, దాని వెనుక ఒక ఫిల్టర్, ఆ వెనుక ఒక పొడవాటి రెవర్బ్, ఆ మూడూ పాతదాంట్లోనూ బాగున్నాయి.

దీనిని సెండ్‌లో వాడేటప్పుడు పట్టించుకోవలసినవి రెండున్నాయి. మొదటిది, ప్రతి ఎఫెక్టులోనూ మిక్స్‌ను (ఎఫెక్టు శబ్దం ఎంత శాతమో చెప్పే విలువను) 100కు పెట్టడం. అసలు శబ్దం మిక్సరు ద్వారా ఎలాగూ వెళుతోంది. పెడల్ నుంచి కూడా అదే శబ్దం కొద్ది ఆలస్యంతో వస్తే రెండూ కలిసి కొన్ని పౌనఃపున్యాల దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, శబ్దం పలచగా, గొట్టంలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. డిలే, రెవర్బ్ వరుసగా ఉన్నప్పుడు మాత్రం రెవర్బ్ మిక్స్‌ను 100 చేస్తే డిలే దెబ్బలు కనబడకుండా పోతాయి కనుక, మొదటి దానిని 100లో, రెండవ దానిని సగంలో ఉంచుతాను. రెండవది, శబ్ద స్థాయి. ఇది గిటారు బలానికి తయారైన పెడల్, మిక్సరు సెండ్ అంతకంటే చాలా బలమైన సంకేతాన్ని పంపగలదు. సెండ్‌ను తక్కువగా ఉంచి, తగ్గిన భాగాన్ని రిటర్న్ చానెల్‌లో పూడ్చుకోవాలి, లేకపోతే పెడల్ ఇన్‌పుట్ దగ్గర శబ్దం పగిలి కరకరమంటుంది.

దీనికి మిడి (వాయిద్యాలు ఒకదానికొకటి తాళ సంకేతాలు పంపుకునే పద్ధతి) జాక్ లేదు, అంటే డ్రమ్ మెషీన్ గడియారాన్ని అనుసరించదు. కొందరు ఈ ఒక్క కారణంతో దీనిని పక్కన పెడతారు. నా పాటలన్నీ ఒకటి రెండు వేగాల్లోనే నడుస్తాయి కాబట్టి నాకది అడ్డు కాలేదు. డిలే వ్యవధిని చేత్తోనే పెట్టుకుంటాను, లెక్క తేలికైనది: 60,000ను బీపీఎం (నిమిషానికి బీట్ల సంఖ్య)తో భాగిస్తే ఒక బీటుకు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120 వేగానికి 500, దానిలో ముప్పాతిక వంతు, అంటే 375, తీసుకుంటే డిలే తాళానికి ఎదురుగా నడుస్తూ ఊపు తెస్తుంది. 125 వేగానికి ఆ రెండు అంకెలు 480, 360. పాటకొక ప్యాచ్ (దాచుకున్న ఎఫెక్టుల అమరిక) చొప్పున ఈ అంకెలతో ముందే దాచుకుని, పాటలు మారే విరామంలోనే ప్యాచ్ మార్చాలి, మధ్యలో మారిస్తే మోగుతున్న ప్రతిధ్వని తోక తెగిపోతుంది. పాట నడుస్తుండగా వేగం మార్చే అలవాటున్నవారికి మాత్రం ఈ పెడల్ సరిపడదు, వారు మిడి గడియారాన్ని అందుకునే యంత్రమే చూసుకోవాలి.

డప్పు శాంపిళ్లతో పనిచేసేవారికి ఒక ప్రత్యేకమైన మాట. డప్పు దెబ్బలో అడుగున గుమ్మనే శబ్దం, పైన చిర్ర చేసే పదునైన చప్పుడు, రెండూ ఉంటాయి. ఎఫెక్టులో వినిపించవలసింది పైది మాత్రమే. రిటర్న్ చానెల్‌లో అడుగు శబ్దాలకున్న “లో” (Low) నాబ్‌ను బాగా దించితే తేట వస్తుంది. అదే తంబురకైతే పొడవాటి రెవర్బ్ ఎంత ఇచ్చినా అందమే, ఎందుకంటే అందులో దెబ్బ లేదు, శ్రుతి ఒక్కటే నిలిచి ఉంటుంది. ఆలాపనకు డిలే పెట్టినప్పుడు గమకాలు ఒకదాని మీద ఒకటి పడి స్వరం మసకబారకుండా, ఫీడ్‌బ్యాక్‌ను (ప్రతిధ్వని ఎన్నిసార్లు తిరిగి రావాలో చెప్పే విలువను) రెండు మూడు ప్రతిధ్వనులకు మించకుండా ఉంచుతాను.

మినీ కావోస్ ప్యాడ్ 2ను నేను సెండ్‌లో పెట్టను. డ్రమ్ మెషీన్‌కూ మిక్సరుకూ మధ్య పెడతాను. 100 ప్రోగ్రాములున్న ఈ చిన్న యంత్రంలో వేలు అడ్డంగా కదిపితే ఒక లక్షణం, నిలువుగా కదిపితే మరొకటి మారుతుంది. ఫిల్టర్‌ను మూసి తెరవడం, బీటును ముక్కలుగా కోసి తిప్పడం వంటివి తెర మీద మెనూలు వెతకకుండా వేలితోనే జరిగిపోతాయి. ఇది కూడా రెండు ఏఏ బ్యాటరీలతోనే నడుస్తుంది. జాక్‌లన్నీ 3.5 మిల్లీమీటర్లవి కావడం వల్ల అన్ని వాయిద్యాలూ దీని గుండానే పోయేలా మిక్సరు చివర పెట్టడానికి నేను ఇష్టపడను, ఒక సన్నని వైరు కదిలితే కచేరీ మొత్తం ఆగిపోతుంది. కోర్గ్ 2024లో తెచ్చిన ఎన్‌టీఎస్-3 అనే కావోస్ ప్యాడ్ కిట్‌ను మనమే బిగించుకోవాలి, నాలుగు ఎఫెక్టులు ఒకేసారి నడుస్తాయి. ఇప్పుడు కొత్తగా కొనేవారు దానిని కూడా చూడవచ్చు.

కరెంటు విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. పెడళ్లకు కావలసిన 9 వోల్టుల అడాప్టర్‌లో సాధారణంగా మధ్య పిన్ నెగెటివ్‌గా ఉంటుంది, బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్లకు పేరున్న ఎస్‌పీ రోడ్డు దుకాణాల్లో దొరికే అడాప్టర్లలో చాలా వాటికి మధ్య పిన్ పాజిటివ్. గుర్తు చూడకుండా గుచ్చకూడదు. ఒకే చౌక అడాప్టర్ నుంచి తీగలు చీల్చి అన్నిటికీ ఇస్తే సన్నని గుయ్యిమనే మోత మొదలవుతుంది, దాని మీద డిలే పడితే ఆ మోత కూడా రెట్టింపవుతుంది. ఒక అడాప్టర్ పెట్టిన ఇబ్బంది వల్ల నేను వేదిక మీద పెడల్, ప్యాడ్ రెంటికీ పూర్తిగా రీచార్జి ఏఏ బ్యాటరీలకు మారాను, మోత పోయింది, వాటికి సాకెట్ల కోసం వెతుకులాటా తప్పింది. కేబుళ్లు, జాక్‌లు, కన్వర్టర్లకు మాత్రం ఎస్‌పీ రోడ్డే మేలు, రెండు చొప్పున కొనాలి.

ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్ ఇప్పటికే ఉన్నవారు పెడల్ కొనకుండా వల్హల్లా సూపర్‌మాసివ్ వంటి ఉచిత ప్లగిన్‌లతో (కంప్యూటరులో నడిచే ఎఫెక్టులతో) నడిపించవచ్చు. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటరు శబ్దాన్ని ముక్కలుగా పోగుచేసుకోవడం) అంటే సుమారు 3 మిల్లీసెకన్ల ఆలస్యం, రెండు వైపులా కలిపినా చేతికి తెలియదు. ఖర్చు పరంగా దానికి మించినది లేదు. అయినా మౌస్‌తో తిప్పే నాబ్‌లో నాకు వాయించినట్టు ఉండదు.

ఇందిరానగర్, కోరమంగల వైపు కచేరీలు జరిగే గదులు చాలావరకు గాజు, కాంక్రీటు. గదే ప్రతిధ్వనిస్తుంది కనుక ఇంట్లో హెడ్‌ఫోన్లలో కుదిర్చిన రెవర్బ్‌ను అక్కడ సగానికి తగ్గించాలి. చిన్న చోట్ల సౌండ్ ఇంజినీరు రెండు స్పీకర్లకూ ఒకే మోనో సంకేతం ఇవ్వడం మామూలే. ఎడమ కుడి మధ్య ఆడే డిలే అక్కడ వృథా, కొన్ని కోరస్‌లైతే మోనోలో చప్పబడతాయి. అందుకని ప్రతి ప్యాచ్‌నూ ఇంట్లో మోనోలో ఒకసారి వినాలి. మారతహళ్లి వైపు మనవాళ్లు ఆరుబయట చేసే ఉగాది సభల్లో ప్రతిధ్వనించే గోడలు లేవు గనుక రెవర్బ్ బాగా ఇవ్వవచ్చు. అయితే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం సాధారణంగా రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు ఆపవలసి ఉంటుంది, కాబట్టి సౌండ్‌చెక్ త్వరగా ముగిసేలా మిక్సరు, పెడల్ ఒకే పలక మీద ముందే బిగించి, కేబుళ్లతో సహా తీసుకెళ్లడం మంచిది.

ఎంఎస్-70సీడీఆర్‌ను వాడినదిగా కొనేవారు బ్యాటరీ గదిలో తుప్పు ఉందేమో చూడాలి, నాలుగు జాక్‌లలోనూ కేబుల్ పెట్టి కదిపి గరగర వస్తుందేమో వినాలి, ప్రతి నాబ్‌నూ తిప్పి విలువ ఎగిరి దూకకుండా ఉందేమో చూసుకోవాలి. మిక్సరులో సెండ్, రిటర్న్‌లను అక్కడికక్కడే ఒక కేబుల్‌తో కలిపి వినాలి, అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే మరొకటి చూసుకోవాలి.