నిన్నటి బ్రెడ్డు, బెల్లం ఆవకాయ, 120 టోస్టులు: మా వీధి అయ్యంగార్ బేకరీ

పోయిన నెల మా అత్తయ్య మామయ్యల పెళ్లయి 40 ఏళ్లు నిండాయని ఇంట్లోనే చిన్న ఫంక్షన్ పెట్టుకున్నాం. మొత్తం 28 మంది. భోజనాలు బయట చెప్పేశాం. కానీ ఆరున్నరకే వచ్చేసేవాళ్లకి ఎనిమిదిన్నర దాకా చేతిలో ఏం పెట్టాలన్నది మాత్రం నా మీద పడింది. బజ్జీలు వేస్తే ఆ రెండు గంటలూ నేను స్టవ్ దగ్గరే ఉండిపోతాను, వచ్చినవాళ్లతో ఒక్క మాటకీ తీరదు. సమోసాలు తెప్పిస్తే చల్లారిపోయి నూనె కారుతూ ఉంటాయి. అందుకని ముందే చేసి డబ్బాలో పెట్టుకునేవి, వడ్డించే ముందు పైన ఒక చెంచా ఏదో వేసి ఇచ్చేసేవి చేద్దామనుకున్నాను. ఇటలీ వాళ్లు వీటిని క్రోస్తీనీ అంటారు. కరకరలాడేలా కాల్చిన చిన్న బ్రెడ్డు ముక్క, దాని మీద చీజో పెరుగో, ఆ పైన తియ్యగానో కారంగానో ఇంకేదైనా. మన ఇళ్లల్లో టోస్టు అనేస్తే సరిపోతుంది.

ఇది రెసిపీ కాదు. రెసిపీ కూడా మధ్యలో వస్తుంది కానీ, నేను చెప్పాలనుకున్నది బ్రెడ్డు గురించి, ఆ బ్రెడ్డు ఇచ్చిన మా వీధి బేకరీ గురించి. ఎందుకంటే పైన ఏం వేశామన్నది ఎవరైనా కనిపెడతారు గానీ, కింద ముక్క మెత్తబడితే మాత్రం మొత్తం పాడైపోతుంది.

ఫంక్షన్‌కి పది రోజుల ముందు మూడు రకాలు తెచ్చి చూశాను. మొదటిది సూపర్ మార్కెట్‌లో దొరికే ముక్కలు కోసిన శాండ్‌విచ్ బ్రెడ్డు. అది దూదిలా ఉంటుంది, కాలిస్తే అంచులు వంకర తిరిగిపోతాయి, మీద పెరుగు వేసిన ఐదు నిమిషాలకే మధ్యలో తడిసి వేలాడింది. రెండోది యాప్‌లో ఆర్డర్ పెట్టిన పొడుగాటి ఫ్రెంచ్ బ్రెడ్డు, బాగెట్ అంటారే, అది. ఒక్కోటి 220 రూపాయలు. వేడివేడిగానే ప్లాస్టిక్ కవర్‌లో చుట్టేసినట్టున్నారు, ఇంటికి వచ్చేసరికి చెమ్మ పట్టి పైపొర తోలులా సాగుతోంది, పైగా మధ్యలో వంగిపోయి ఉంది. ఫోన్ చేస్తే, ఓవెన్‌లో వేడి చేసుకోండి మేడం, బాగయిపోతుంది అన్నారు. చేశాను, కొంత బాగయింది కూడా. కానీ 28 మందికి ఆ ధరలో తెప్పించి, ఏది ఎలా వస్తుందో అని టెన్షన్ పడే ఓపిక నాకు లేదు.

మూడోది బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా ఇంటికి నాలుగు అడుగుల దూరంలో ఉన్న అయ్యంగార్ బేకరీ బ్రెడ్డు. పదకొండేళ్లుగా ఆ కొట్టు ముందు నుంచే నడుస్తున్నాను, పిల్లలకి దిల్‌పసంద్, హనీ కేక్, మా ఆయనకి ఖారా బన్ను కొంటూనే ఉన్నాను. కానీ ఆ వెనక అరలో పేర్చి ఉండే బ్రెడ్డుని ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. బెంగళూరులో ఉన్న మనవాళ్లకి ఈ బేకరీల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు పెట్టినవి ఇవి. 1898లో హెచ్.ఎస్. తిరుమలాచార్ చిక్కపేటలో మొదలుపెట్టిన బెంగళూరు బ్రదర్స్ బేకరీ దగ్గర్నుంచి ఈ వరస నడుస్తోంది. గుడ్డు వాడకపోవడం వీళ్ల పద్ధతి. మా అత్తయ్య బయటి కేకు ఏదైనా సరే, గుడ్డు ఉందా అని రెండుసార్లు అడిగి గానీ ముట్టుకోరు. మా వీధి బేకరీ సరుకంటే ఆ ప్రశ్న లేదు. పెద్దవాళ్లు వచ్చే ఫంక్షన్‌కి అది చిన్న సంగతేం కాదు.

ఇక్కడ బ్రెడ్డు అడిగే పద్ధతి ఒకటుంది. పౌండు బ్రెడ్డు అనాలి. పౌండు అంటారు గానీ తూకం 400 గ్రాములే, మాకు 50 రూపాయలు పడింది. మామూలుగా మిషన్‌లో పెట్టి పలచగా కోసి ఇచ్చేస్తారు, అలా వద్దు. నేను కన్నడలో "కట్ మాడబేడి" (కోయొద్దు) అని ముందే చెప్పి, ఆ తర్వాత "నిన్నే బ్రెడ్ ఇద్యా?" (నిన్నటి బ్రెడ్డు ఉందా?) అని అడిగాను. కౌంటర్‌లో ఉన్న పెద్దాయన ఒక క్షణం నా మొహం చూశారు. రోజూ అందరూ ఇవాళ్టిదేనా అని అడిగేవాళ్లే కదా. టోస్టుకి అని చెప్పగానే ఆయనే నవ్వి, అయితే రెండో రోజుదే మంచిదమ్మా, ఇవాళ్టిది కత్తి పెడితే నలిగిపోతుంది అని తెలుగులోనే అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఆ కొట్టు మీద గౌరవం పెరిగింది. అమ్ముకునేవాడు తాజా సరుకే అంటగట్టాలని చూస్తాడు. మనకి కావాల్సిన పని ఏంటో తెలుసుకుని దానికి తగ్గది చెప్పేవాళ్లు తక్కువ.

ఆయన చెప్పింది నిజం కూడా. ఒక రోజు ఆగిన బ్రెడ్డులో పిండిపదార్థం గట్టిపడి ముక్క నిలబడుతుంది. రంపపు పళ్లున్న కత్తితో కోస్తే వేలు మందం ముక్క కూడా చెక్క పలకలా నిటారుగా వస్తుంది. ఒక బ్రెడ్డుకి రెండు కొసలూ తీసేస్తే 15 ముక్కలు, ఒక్కోదాన్ని సగానికి కోస్తే 30. నాలుగు బ్రెడ్డులకి 120. మనిషికి నాలుగు లెక్కేసుకున్నా ఇంకా మిగులుతాయి. అంటే 200 రూపాయలతో కింది భాగం అయిపోయింది.

కాల్చడం దగ్గర చాలామంది చేసే పొరపాటు నేనూ ముందు చేశాను, పెనం మీద వెన్న వేసి పెద్ద మంట మీద కాల్చాను. పైన బంగారు రంగు వస్తుంది, కళ్లకి బాగుంటుంది, పది నిమిషాలాగి కొరికితే మధ్యలో మెత్తగా ఉంటుంది. లోపలి తడి ఎక్కడికీ పోలేదు కదా, అదే మెల్లగా పైకి వచ్చి పైపొరని కూడా మెత్తబరుస్తుంది. పైగా వెన్నలో నీళ్లు 16 శాతం దాకా ఉంటాయి. అందుకని రెండోసారి నెయ్యి వాడాను, నెయ్యిలో నీళ్లు దాదాపు ఉండవు. ముక్కకి ఒక వైపే బ్రష్‌తో పలచగా రాసి, ఓటీజీలో, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, 150 డిగ్రీల దగ్గర ఒక్కో వైపు పది నిమిషాల చొప్పున పెట్టాను. ఇది కాల్చడం కంటే ఎండబెట్టడం అనుకోండి. మాది 28 లీటర్లది, రెండు ట్రేలు పెడితే 24 ముక్కలు పడతాయి, మధ్యలో ట్రేలు పైది కిందకి, కిందది పైకి మార్చాలి. ఐదు వాయిలు, గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆ సేపూ నేను వేరే పనులు చేసుకుంటూనే ఉన్నాను.

బయటికి తీసినప్పుడు ముక్క ఇంకా కొంచెం మెత్తగానే అనిపిస్తుంది, కంగారు పడొద్దు, చల్లారాక గట్టిపడుతుంది. వేలితో తడితే టక్‌మని అప్పడం చప్పుడు రావాలి. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పెట్టారంటే ఆవిరి పట్టి మళ్లీ మొదటికొస్తుంది. మాకు ఆ వారమంతా సాయంత్రం వానలే, అయినా స్టీలు డబ్బాలో మూత బిగించి పెట్టినవి రెండు రోజులు అలాగే ఉన్నాయి. నెయ్యి రాసిన వైపే పైకి పెట్టి దాని మీదే పెరుగు వేయాలి, ఆ నెయ్యి పొర తడిని కొంతసేపు ఆపుతుంది.

ఇక పైన వేసేవి. కింద పొరకి మూడు లీటర్ల పెరుగు బట్టలో కట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా వేలాడదీశాను. నీళ్లన్నీ దిగిపోయాక సగం కూడా మిగల్లేదు, కానీ వెన్నముద్దలా ఉంది. ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, అంతే. ఖర్చు పెట్టగలిగితే ఇక్కడ కొత్తనూరు దగ్గర బెనెడిక్టైన్ సన్యాసుల మఠంలో వల్లోంబ్రోసా అనే పేరుతో ఇటాలియన్ చీజ్‌లు తయారుచేస్తారు, వాళ్ల రికొట్టా అనే మెత్తటి చీజ్ ఈ టోస్టుల మీద చాలా బాగుంటుంది. ఒకసారి నలుగురికి చేసినప్పుడు వాడాను. 28 మందికి మాత్రం పెరుగే.

దాని మీద రెండు రకాలు. సగం టోస్టుల మీద మా అమ్మ తెనాలి నుంచి పంపిన బెల్లం ఆవకాయ. ముక్కని వేలి గోరంత చిన్నగా తరిగి, ఊటతో సహా పావు చెంచా. తీపి, కారం, ఆవఘాటు అన్నీ ఒకేసారి నోట్లో పడతాయి, కింద చల్లటి పెరుగు వాటిని కాస్త తగ్గిస్తుంది, ఆఖర్న నెయ్యి టోస్టు కరకరమంటుంది. ఇటలీ వాళ్ల పద్ధతికి మన ఊరగాయ ఇంత చక్కగా అమరుతుందని నేను అనుకోలేదు. తీపీ కారం కలిపి తినడం మనకి కొత్త కాదు కదా, బెల్లం ఆవకాయ జాడీ ఉన్న ఇంట్లో సగం పని అయిపోయినట్టే. మామూలు ఆవకాయ మాత్రం వద్దు, నూనె ఎక్కువై కారిపోతుంది.

మిగతా సగం మీద ద్రాక్ష. బెంగళూరు బ్లూ ద్రాక్ష ఇక్కడిదే, 2013లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న ముద్ర, కూడా వచ్చింది. ముదురు ఊదా రంగు, మందపాటి తోలు, లోపల గింజలు. గింజలున్నాయని చాలామంది తీసుకోరు. గానీ ఆ వాసన గింజల్లేని ద్రాక్షకి రానే రాదు. కిలో ద్రాక్షలో రెండు చెంచాల బెల్లం పొడి, చిటికెడు ఉప్పు వేసి తోలు పగిలేదాకా ఉడికించి, జల్లెడలో గరిటెతో నొక్కి గింజలూ తోలూ తీసేసి, మళ్లీ గరిటె జారుడుగా అయ్యేదాకా దగ్గర పడనిచ్చాను. ఆఖర్న మిరియాల పొడి. తెల్లటి పెరుగు మీద ఆ రంగు చూసి మా ఆడపడుచు కూతురు ఫొటో తీసుకున్నాకే తింది.

ద్రాక్ష టోస్టుకి ఏదో ఒకటి తక్కువైంది అనిపించింది, ఆ తక్కువైందీ అదే బేకరీలో దొరికింది. కాంగ్రెస్ కడలేకాయి అంటారు, పల్లీలు బద్దలుగా చేసి పసుపు, కారం, ఇంగువ, కరివేపాకు పట్టించినవి. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు ఆ పేరు వచ్చిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. వాటిని చేత్తో నలిపి ద్రాక్ష మీద చల్లాను. పావుకిలో సరిపోయింది. రెండు ప్లేట్లూ పక్కపక్కన పెడితే ముందు ఖాళీ అయింది ద్రాక్షదే, నేను ఆవకాయదే అవుతుందనుకున్నాను.

పెద్దవాళ్లు వస్తుంటే ఒక జాగ్రత్త. మామయ్యగారికి కట్టుడు పళ్లు, ఆయన స్నేహితుల్లో ఇంకో ఇద్దరికి కూడా. వాళ్ల కోసం పది పన్నెండు ముక్కలకి పెరుగు అరగంట ముందే రాసి పక్కన పెట్టాను. పైపైన మెత్తబడి కొరకడానికి తేలికగా ఉంటాయి, ముక్క మాత్రం విరిగిపోదు. మిగతావాళ్లకి అడిగినప్పుడే వేసి ఇచ్చాను, ఒక ప్లేటుకి రెండు నిమిషాలు. షుగర్ ఉన్నవాళ్లకి పెరుగు, మిరియాలు, పైన తరిగిన కీరా, అవి కూడా బాగానే పోయాయి. మామయ్యగారు నాలుగోది అడిగినప్పుడు అత్తయ్య, భోజనం ఉందండీ అని గుర్తు చేయాల్సి వచ్చింది.

బేకరీ విషయంలో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. బ్రెడ్డు కొంచెం తియ్యగా ఉంటుంది, ఉప్పగా మాత్రమే ఉండే టోస్టు చేయాలనుకునేవాళ్లకి, వెల్లుల్లి రాసి టమాటా ముక్కలు వేసే బ్రుస్కెట్టా లాంటి వాటికి, ఇది అంత నప్పదు. నాలుగింటిలో ఒకదాని మధ్యలో పెద్ద గాలి బొక్క ఉంది, మూడు ముక్కలు పాడయ్యాయి. సాయంత్రం ఏడు దాటితే ఆ రోజు బ్రెడ్డే ఉండదు, నిన్నటిది ఎక్కణ్ణుంచి వస్తుంది. నేను మొదటిసారి అలాగే ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు, బయట బోర్డేమీ ఉండదు. యూపీఐ ఉంది గానీ వంద లోపైతే చిల్లరే అడుగుతారు.

అయినా ఇంకో ఫంక్షన్ ఉంటే నేను అక్కడికే వెళ్తాను. నాలుగైదు బ్రెడ్డులైతే పొద్దున్న వెళ్లి, రేపటికి కోయకుండా పక్కన పెట్టండి అంటే పేరు రాసుకుని పెడతారు. పది దాటితే రెండు రోజుల ముందు చెప్పాలట. ఫోన్‌లో రాసుకోరు, మనిషి వెళ్లి చెప్పాల్సిందే. కాగితంలో చుట్టి దారం కట్టి ఇస్తారు, ఇంటికొచ్చాక దాన్ని ప్లాస్టిక్ కవర్‌లోకి మార్చకండి, మర్నాడు కోసేదాకా ఆ కాగితంలోనే ఉండనివ్వండి.