అరాన్‌హువేస్‌లో కాసా దెల్ లబ్రదోర్ టికెట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

మాడ్రిడ్ నుంచి అరాన్‌హువేస్ వెళ్ళాలనుకుంటున్న మనవాళ్ళకి ఈ హెచ్చరిక. ఆ ఊళ్ళో పెద్ద రాజభవనం అందరూ చూసేదే. తాహో నది పక్కన రాకుమారుడి తోటలో కాసా దెల్ లబ్రదోర్ అని ఇంకో ఇల్లుంది. నాలుగో కార్లోస్ రాజు 1790ల్లో మొదలుపెట్టించిన విలాసగృహం. లోపల మహాగని చెక్కలో ప్లాటినం పొదిగిన చిన్న గది, పట్టు పరిచిన గోడలు, ఒక గది నేలలో పాత రోమన్ మొజాయిక్‌లు ఉన్నాయి. మేం వెళ్ళిందే వాటి కోసం.

ఒక మధ్యవర్తి సైట్‌లో "రాజభవనం, కాసా దెల్ లబ్రదోర్, గైడ్‌తో" అని ప్యాకేజీ అమ్ముతున్నారు. పెట్టిన ఫోటోలన్నీ లోపలి గదులవే. రాజభవనం బాగానే చూపించారు. తర్వాత తోటలో ఎండలో నడిపించారు. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్యగారు కూడా ఓపిక పట్టి అంత దూరం నడిచారు. తీరా ఇల్లు వచ్చాక, గైడ్ మమ్మల్ని కంచె దగ్గరే ఆపి, గోడ గూళ్ళలోని బొమ్మల గురించి నాలుగు ముక్కలు చెప్పి, ఫోటోలు దిగమన్నాడు. లోపలికి ఎప్పుడని అడిగితే "మీ ప్యాకేజీలో బయట నుంచి చూడటమే ఉంది" అన్నాడు. డబ్బు కట్టాక వచ్చిన వోచర్ అడుగున ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంది. కొనేటప్పుడు చూపించిన పేజీలో ఎక్కడా లేదు. ఇది పచ్చి మోసం.

అసలు ఆ తోటలోకి ప్రవేశం ఉచితం. ఇంటిని బయట నుంచి చూడటానికి ఎవరికీ ఒక్క యూరో కూడా ఇవ్వక్కర్లేదు. లోపలికి మాత్రం చిన్న గుంపులుగా, గైడ్‌తో, ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళనే పంపుతారు. ఆ బుకింగ్ స్పెయిన్ ప్రభుత్వ సంస్థ పత్రిమోనియో నాసియోనల్ సొంత సైట్‌లోనే చేసుకోండి. మీరు వెళ్ళే రోజుల్లో ఆ ఇల్లు తెరిచి ఉందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. సోమవారం పెట్టుకోకండి, సెలవు. ఊరికి వెళ్ళడానికి టూర్ బస్సు కూడా అక్కర్లేదు, మాడ్రిడ్‌లోని అతోచా స్టేషన్ నుంచి సీ-3 లోకల్ రైలుంది.

ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీ కొనేసి ఉంటే, "ఇంటి లోపలికి ప్రవేశం ఉందా?" అని మెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. అమ్మకం పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అక్కడ వ్యాపారం చేసేవాళ్ళు కస్టమర్ అడిగితే ఫిర్యాదు ఫారం ఇచ్చి తీరాలి, దాన్ని ఓహా దె రెక్లమాసియోనెస్ అంటారు. మేం ఆఫీసుకి వెళ్ళి ఆ ఫారం అడిగాకే రీఫండ్ మాట ఎత్తారు. సగం డబ్బు వచ్చింది, మిగతా సగం కోసం బ్యాంకులో కంప్లయింట్ పెట్టాం.