చెన్నైలో తిరిగి కట్టిన క్వార్టర్స్: ఏడో అంతస్తులో పద్నాలుగు నెలలు

ఉత్తర చెన్నైలో 1970ల నాటి పాత క్వార్టర్స్‌ను కూల్చి అదే స్థలంలో కట్టిన తొమ్మిదంతస్తుల భవనంలో, మా అమ్మ పేరున కేటాయించిన ఇంట్లో పద్నాలుగు నెలలుగా ఉంటున్నాము. సముదాయం పేరుగాని, కట్టించినవారి పేరుగాని ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి ఇంటి తాళాలు త్వరలో అందుకోబోయేవారికి, ముఖ్యంగా మాలాగే రెండు మూడు తరాల కిందట నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి పారిశుద్ధ్య పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, ఈ ఇళ్లలో కాపురం ఎలా ఉంటుందో తెలియాలన్నదే నా ఉద్దేశం.

ఈ ఇంటికి నేను వేసే మార్కుల్లో సగానికి పైగా స్థలానికే పోతాయి. 2000 నుంచి దక్షిణ శివార్లలోని కన్నగి నగర్‌కు, తరువాత సెమ్మంజేరికి, పెరుంబాక్కానికి నగరం మధ్యలోని పేద కుటుంబాలను వేల సంఖ్యలో తరలించారు. అలా పెరుంబాక్కం వెళ్లినవారిలో మా పిన్నమ్మ ఒకరు. అమ్మలాగే ఆమె కూడా తెల్లవారుజామున హాజరు వేయించుకోవలసిన మనిషి. ఇరవై కిలోమీటర్లకు పైగా దూరం నుంచి రెండు బస్సులు మారి వచ్చేసరికి హాజరు పట్టీ మూసేసిన రోజులు పెరిగిపోయి, ఏడాది తిరగకముందే ఆ పని వదులుకుని అక్కడి అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికి కుదిరింది. అమ్మ ఈనాటికీ పనికి నడిచే వెళుతుంది. చెల్లెలు చదివే బడి, ఆదివారం తెలుగులో ప్రార్థన జరిగే చర్చి, అప్పు పెట్టే కిరాణా కొట్టు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తిరిగి పాత చోటికే రానిచ్చారన్న ఒక్క కారణంతో నేను చాలా లోపాలను సహించగలుగుతున్నాను.

పాత ఇల్లు ఇంచుమించు 230 చదరపు అడుగుల ఒంటిగది. మరుగుదొడ్డి వరండా చివర ఉండేది. కొత్త ఇంట్లో హాలు, పడకగది, వంటగది, లోపలే స్నానాలగది, మరుగుదొడ్డి, బట్టలు ఆరేసుకోవడానికి చిన్న బాల్కనీ ఉన్నాయి. అయితే కాగితం మీద కనిపించే 400 చదరపు అడుగులను చూసి సామాను కొనకండి, ఎందుకంటే ఆ లెక్కలో గోడల మందం, మెట్లు, నడవల వాటా కూడా కలిసి ఉంటాయి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఆర్థికంగా బలహీన వర్గాల ఇంటికి పెట్టుకున్న కొలత 30 చదరపు మీటర్ల కార్పెట్ విస్తీర్ణం (గోడల మధ్య వాడుకునే నేల), అంటే సుమారు 323 చదరపు అడుగులు. మేము టేపు పెట్టి కొలిస్తే కాస్త అటూ ఇటూగా అంతే వచ్చింది. అంతలోనే చెల్లెలు జీవితంలో మొదటిసారి తలుపు వేసుకుని చదువుకుంది.

గోడలు ఇటుకవి కావు, అచ్చులు పెట్టి పోసిన కాంక్రీటువి. పగుళ్లు కనబడలేదు గాని, మేకు దిగదు, ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదింటికి కూడా చేయి పెడితే వేడిగా తగులుతాయి.

ఇక లిఫ్టు. ఏడో అంతస్తులో ఉండేవారికి లిఫ్టు ఇంట్లో భాగమే. మా బ్లాకుకు రెండు ఉన్నాయి. ఒకటి మూడో నెలలో ఆగి, విడిభాగం రావాలంటూ పదకొండు వారాలు అలాగే ఉండిపోయింది. రెండోది కూడా ఆగిన ఒక మధ్యాహ్నం, ఎదురింటి పెద్దాయనను ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మెట్ల మీదుగా దించాము. ఆయన దారంతా మాకు క్షమాపణ చెబుతూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఈ భవనాల ఎత్తు మీద ఉన్న గౌరవం తగ్గింది.

ఖర్చు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తమిళనాడులో ఇంటి మీటరుకు రెండు నెలలకు 100 యూనిట్ల కరెంటు ఉచితం. అపార్ట్‌మెంట్లలో లిఫ్టుకు, నీటి మోటారుకు, మెట్ల దీపాలకు ఉండే ఉమ్మడి మీటరుకు ఆ వెసులుబాటు లేదు. ఉమ్మడి కరెంటు ధరను 2023లో తగ్గించినప్పుడు కూడా పది ఇళ్లకు, మూడంతస్తులకు మించని, లిఫ్టు లేని భవనాలకే తగ్గించారు. పాత క్వార్టర్స్‌లో మెట్లెక్కడానికి ఎవరికీ ఏమీ కట్టనవసరం లేకపోయింది. ఇప్పుడు రోజుకూలీ కుటుంబాలు ప్రతి నెలా మెయింటెనెన్సు కట్టాలి. సగం ఇళ్లు కట్టకపోతే కట్టిన సగానికీ లిఫ్టు ఉండదు. మా అసోసియేషన్‌లో జరిగే గొడవలన్నీ దీని చుట్టూనే తిరుగుతున్నాయి, ఇందులో తప్పంతా కట్టనివారిదేనని నేను అనలేను.

కట్టడం పూర్తయ్యేదాకా మేము బయట ఉన్నది మూడేళ్ల రెండు నెలలు. తరలింపుకని ఒకేసారి ఇచ్చిన సొమ్ము నాలుగు నెలల అద్దెకు సరిపోయింది; మిగతాది, ఇంటికి మా వాటా కూడా, అమ్మ భవిష్య నిధి నుంచి, చిట్టీ నుంచి వచ్చాయి. పాత బ్లాకులో అద్దెకున్నవారికి మాత్రం కేటాయింపు పత్రం లేదు కనుక ఇల్లూ లేదు. వారిలో ముప్పై ఏళ్లు మా పక్కనే ఉన్న కుటుంబం ఇప్పుడు ఎక్కడుందో మాకు తెలియదు.

తాళాలు తీసుకునే ముందు లిఫ్టు నిర్వహణ ఒప్పందం ఎన్నేళ్లకు, ఎవరి ఖర్చున ఉందో రాతపూర్వకంగా అడగండి. అంతస్తులు చీటీలు తీసి ఇస్తారు గనుక, వృద్ధులు, నడవలేనివారు ఉన్న ఇళ్లకు కింది అంతస్తులు ముందుగా పక్కన పెట్టమని ఆ చీటీలకు ముందే అందరూ కలిసి అర్జీ పెట్టండి. మేము ఆ పని చేయలేదు. మొదటి అంతస్తు వచ్చిన ఒక యువ దంపతులు ఎదురింటి పెద్దాయనతో ఇల్లు మార్చుకోవడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. ఇద్దరూ సంతకాలు పెట్టి ఇచ్చిన దరఖాస్తుకు అయిదు నెలలైనా జవాబు రాలేదు, పెద్దాయన ఏడో అంతస్తులోనే ఉన్నాడు.